తోక కొరికే కుక్క, పాదాలు నాకే కుక్క

కుక్క రోజులో కొంతసేపు తన ఒళ్ళు తానే శుభ్రం చేసుకుంటుంది. బయట తిరిగొచ్చి పడుకునే ముందు ముంగాళ్ళను నాలుగుసార్లు నాకి తల వాల్చేస్తే కంగారు పడనక్కర్లేదు. పిలిచినా పలక్కుండా నాకుతూ ఉంటే, గిన్నెలో అన్నం వదిలేసి తోక వైపు తిరుగుతుంటే, అర్ధరాత్రి చప్పరింపులకు ఇంట్లోవాళ్ళ నిద్ర చెడుతుంటే అది శుభ్రత కాదు. ఎక్కడో దురద ఉంది, లేదా నొప్పి ఉంది. ఆ రెండిటికీ కుక్క నోటినే వాడుతుంది.

తెల్ల, లేత గోధుమ రంగు కుక్కల్లో ఈ పని దాగదు. కుక్క ఉమ్మిలోనూ కన్నీటిలోనూ పోర్ఫిరిన్లు అనే రంగు పదార్థాలుంటాయి. పదే పదే తడిసిన బొచ్చుకు అవి తుప్పు రంగు పట్టిస్తాయి. పమేరియన్ కళ్ళ కింద కనిపించే ఎర్రటి చారకూ, లాబ్రడార్ వేళ్ళ మధ్య కనిపించే గోధుమ మరకకూ మూలం ఇదే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాకిన కుక్కను కూడా ఆ మరక పట్టిచ్చేస్తుంది.

పెంచేవాళ్ళు చాలామంది దీన్ని పాడలవాటు అనుకుని కసురుతారు, మూతి మీద ఒక్కటి వేస్తారు. నిజానికి ఈ కొరుకుడుకు కారణం చాలా కుక్కల్లో శరీరంలోనే ఉంటుంది. అలవాటు అని తేల్చే ముందు పురుగులు, ఇన్ఫెక్షన్లు, తిండి, గాలిలోని ఎలర్జీ కారకాలు, కీళ్ళు, నరాలు, అన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించి పక్కన పెట్టాలి. ఎక్కడ కొరుకుతోంది, ఏ వయసులో మొదలైంది, ఒక కాలా నాలుగు కాళ్ళా అన్న మూడు ప్రశ్నలకు జవాబులు దొరికితే వైద్యుడికి చాలా దూరం కలిసొస్తుంది.

తోక మొదలు దగ్గర

నడుము కింది భాగం, తోక మొదలు, తొడల వెనుక వైపు. ఇక్కడ బొచ్చు పల్చబడి చర్మం ఎర్రగా ఉంటే ఏ దేశపు పశువైద్యుడైనా మొదట అనుమానించేది మిన్నల్లులను. మన ఇళ్ళలో వీటిని కుక్క పేలు అనేస్తుంటారు గాని ఇవి పేలలా పాకవు, గెంతుతాయి. ప్రపంచమంతటా కుక్కల మీద ఎక్కువగా కనిపించేది పిల్లి మిన్నల్లిగా పేరుపడ్డ టీనోసెఫాలైడిస్ ఫెలిస్. భారతదేశపు కుక్కల మీద దాని దగ్గరి చుట్టం టీనోసెఫాలైడిస్ ఓరియెంటిస్ విస్తారంగా ఉంది.

మిన్నల్లి కుట్టేటప్పుడు దాని ఉమ్మి చర్మంలోకి దిగుతుంది. అందులోని ప్రోటీన్లకు ఎలర్జీ ఉన్న కుక్కకు కొన్ని కాట్లు చాలు, రోజుల తరబడి దురద వదలదు. అదే ఇంట్లో ఎలర్జీ లేని మరో కుక్క ఒంటినిండా మిన్నల్లులతో హాయిగా పడుకుని ఉండొచ్చు. అందుకే 'మా కుక్క మీద ఒక్క పురుగూ కనపడలేదండీ' అన్న మాటతో వైద్యులు తృప్తిపడరు. దురద ఎక్కువగా ఉన్న కుక్క కొరికి కొరికి పురుగులను మింగేస్తుంది కూడా. ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. సన్నపళ్ళ పేలదువ్వెనతో తోక మొదలు దగ్గర దువ్వి, రాలిన నల్లటి రేణువులను తడిపిన తెల్ల కాగితం మీద వెయ్యాలి. రేణువు చుట్టూ ఎర్రటి గోధుమ మరక వ్యాపిస్తే అది మట్టి కాదు, మిన్నల్లి మలం. అందులో ఉన్నది అరిగిన కుక్క రక్తమే.

ఇక్కడ చాలా ఇళ్ళలో వైద్యం దారి తప్పుతుంది. కుక్కకు ఒకసారి మందు పూసి, స్నానం చేయించి, పని అయిపోయిందనుకుంటారు. కుక్క మీద కనిపించే పెద్ద మిన్నల్లులు మొత్తం సంతతిలో సుమారు 5 శాతమే. మిగిలిన 95 శాతం గుడ్లుగా, పిల్ల పురుగులుగా, గూళ్ళుగా ఇంట్లోనే ఉంటాయి. ఒక ఆడ మిన్నల్లి మంచి ఊపులో ఉన్నప్పుడు రోజుకు 40 నుంచి 50 గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు బొచ్చుకు అంటుకోవు, జారి కుక్క పడుకునే గోనెపట్టా మీద, సోఫా సందుల్లో, మంచం కింద పడతాయి. గూడు దశలో ఉన్న పురుగు నెలల తరబడి కదలకుండా ఉండగలదు. నేల అదిరినా, వెచ్చదనం తగిలినా, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సోకినా బయటికి దూకుతుంది. సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొచ్చి తాళం తీసిన ఇంట్లో అడుగుపెట్టగానే కాళ్ళకు దద్దుర్లు రావడానికి కారణం ఇదే.

కాబట్టి ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకూ, పిల్లికీ ఒకేసారి మందు వెయ్యాలి. కనీసం మూడు నెలలు ఆపకుండా కొనసాగించాలి. కుక్క పరుపు, దుప్పటి వారానికోసారి వేడినీళ్ళతో ఉతకాలి, సందులన్నీ ఊడ్చాలి లేదా వ్యాక్యూమ్ చెయ్యాలి. ఒక జాగ్రత్త ముఖ్యం. కుక్కలకని అమ్మే పెర్మెత్రిన్ మందులు పిల్లికి ప్రాణాంతకం. రెండూ ఉన్న ఇంట్లో డబ్బా మీది అక్షరాలు చదవకుండా ఏదీ పూయకూడదు.

కొరికేటప్పుడు మింగిన మిన్నల్లితో మరో బెడద కడుపులోకి పోతుంది. డిపైలిడియమ్ అనే బద్దెపురుగు లార్వా మిన్నల్లి లోపల పెరుగుతుంది. కుక్క పేగుల్లోకి చేరాక అది పెద్దదై, బియ్యపు గింజల్లాంటి ముక్కలను మలద్వారం దగ్గర వదులుతుంది. అవి కదులుతుంటే అక్కడ దురద పుట్టి కుక్క తోక కింద మళ్ళీ కొరుక్కుంటుంది. నులిపురుగుల మాత్ర వేసి మిన్నల్లులను వదిలేస్తే ఈ చక్రం ఆగదు.

తోక వైపు తిరిగే ప్రతి కుక్కకూ మిన్నల్లులే కారణం కాదు. మలద్వారానికి రెండు పక్కలా, కొంచెం కిందుగా, చిన్న గ్రంథులు ఉంటాయి. అందులో ఘాటు వాసన ఉన్న ద్రవం ఊరుతుంది. అది బయటికి రాక గడ్డకడితే కుక్క కూర్చున్న చోటే నడ్డిని నేలకు ఈడుస్తుంది, తోక మొదలు నాకుతుంది. పశువైద్యుడు గ్లవ్ తొడిగిన వేలితో వాటిని ఖాళీ చేస్తే అప్పటికప్పుడు ఉపశమనం దొరుకుతుంది. గ్రంథి చీము పట్టి పగిలేదాకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు. ముసలి జర్మన్ షెపర్డ్ ఉన్నట్టుండి తోకనూ వెనక పాదాలనూ కొరకడం మొదలుపెడితే నడుము చివర వెన్నుపూసల మధ్య నరాలు నొక్కుకుపోతున్నాయేమో చూడాలి. తోక కత్తిరించిన కుక్కల్లో తెగిన నరం చివర గడ్డలా పెరిగి ఏళ్ళ తర్వాత కూడా నొప్పి పుట్టించవచ్చు.

కొరికిన చోటు గంటల్లో ఎర్రగా, తడిగా, చీమూ రసీ కారుతూ అరచేయంత పుండుగా మారితే దాన్ని హాట్ స్పాట్ అంటారు. దట్టమైన బొచ్చున్న గోల్డెన్ రిట్రీవర్లలో, ముసురు పట్టిన వానాకాలంలో ఇవి ఎక్కువ. చుట్టూ బొచ్చు కత్తిరించి గాలి తగలనివ్వడం, యాంటీసెప్టిక్ ద్రావణం క్లోరెక్సిడిన్‌తో కడగడం మొదటి పని. పౌడర్లు చల్లితే పైన పక్కు కట్టి కింద చీము నిలుస్తుంది.

ఒక పాదమా, నాలుగా?

కుక్క ఒకే కాలిని నాకుతుంటే ఆ కాల్లోనే ఏదో ఉందని అర్థం. పల్లెల్లో పొలం గట్ల మీద తిరిగే కుక్క వేళ్ళ సందులో పల్లేరుకాయ దిగబడుతుంది. తుమ్మముల్లు అరికాలి మెత్తలో విరిగిపోతుంది. ఎండిన గడ్డి ఊచలు మరీ ప్రమాదకరం. వాటి ముళ్ళు ఒకే దిక్కుకు వాలి ఉండడం వల్ల లోపలికి పోవడమే గాని వెనక్కి రావు. చర్మం కింద పాకుతూ ఇంకోచోట పుండై తేలతాయి. చీలిన గోరు, వేళ్ళ మధ్య దాగిన పిడుదు, చర్మం కింద పెరుగుతున్న గడ్డ కూడా ఒకే పాదాన్ని నాకించగలవు. వయసు మళ్ళిన కుక్క ముంగాలి మణికట్టును మాత్రమే నాకుతుంటే చర్మం కన్నా ముందు కీలును పరీక్షించాలి. కీళ్ళవాతం నొప్పిని కుక్కలు తరచు ఇలాగే చూపిస్తాయి.

మే నెలలో మధ్యాహ్నపు తారు రోడ్డు మీద నడిపించిన కుక్క అరికాళ్ళు కాలి పొక్కులు లేస్తాయి. అరచేతి వెనుక వైపును రోడ్డు మీద ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క కూడా అక్కడ నడవలేదు. అమెరికా, కెనడాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఎదురయ్యేది దీనికి తలకిందులైన సమస్య. చలికాలంలో మంచు కరగడానికి కాలిబాటల మీద చల్లే ఉప్పు కుక్క పాదాలను ఒరిపేస్తుంది. మన ఇళ్ళలో నేల తుడిచే ఫినాయిల్ చిక్కగా కలిపితే అదే పని చేస్తుంది. ఈ మూడు సందర్భాల్లోనూ నాలుగు పాదాలూ దెబ్బతింటాయి గాని, అరికాళ్ళు తప్ప ఒంట్లో ఇంకెక్కడా దురద ఉండదు.

నాలుగు పాదాలూ, ముఖ్యంగా ముంగాళ్ళు, వాటితోపాటు చెవులు, చంకలు, పొట్ట కూడా దురద పెడుతుంటే అది చాలావరకు అటోపిక్ డెర్మటైటిస్. పుట్టుకతో వచ్చిన ఎలర్జీ గుణం. ఇలాంటి కుక్కల్లో చర్మపు పైపొర గట్టిగా ఉండదు. ఇంటి దుమ్ములోని సూక్ష్మపురుగులు, పుప్పొడి, బూజు రేణువులు ఆ పొరను దాటి లోపలికి పోతాయి. రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులుగా భావించి పోరాటం మొదలుపెడుతుంది. మనిషికి ఇదే గుణం ఉంటే తుమ్ములు, ఆయాసం వస్తాయి, కుక్కకు మాత్రం చర్మం దురద పెడుతుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, పగ్, బుల్‌డాగ్ జాతుల్లో ఇది ఎక్కువ. నాటు కుక్కలకు రాదని చెప్పడానికి లేదు. కాకినాడ, విశాఖ వంటి తీరపు ఊళ్ళలో ఉక్కపోత సమస్యను పెంచుతుంది. దుమ్ము పురుగులు నీళ్ళు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. గాలి పొడిగా ఉన్నచోట ఎండిపోయి చస్తాయి.

అటోపిక్ డెర్మటైటిస్‌ను పట్టే రక్తపరీక్ష లేదు. ఎలర్జీ రక్తపరీక్షలు ఏ పదార్థానికి ఎలర్జీ ఉందో సూచిస్తాయి గాని, జబ్బు ఉందో లేదో తేల్చవు. 2010లో జ్యూరిక్ విశ్వవిద్యాలయపు చర్మవైద్యుడు క్లాడ్ ఫవ్రో బృందం ఇందుకోసం ఎనిమిది లక్షణాలను గుర్తించింది. మూడేళ్ళ లోపే దురద మొదలవడం, ఎక్కువగా ఇంట్లోనే ఉండే కుక్క కావడం, స్టెరాయిడ్‌తో దురద తగ్గడం, తొలిరోజుల్లో చర్మం మీద ఏ మచ్చా లేకుండా దురద మాత్రమే ఉండడం, ముందు పాదాలు, చెవి డిప్పలు దెబ్బతినడం, చెవి అంచులూ నడుము పైభాగమూ బాగుండడం అవి. చివరి రెండూ చాలా తెలివైనవి. చెవి అంచులు చెడితే అది గజ్జి కావచ్చు, నడుము చెడితే మిన్నల్లులు కావచ్చు. వీటిలో ఐదైనా ఉంటే అటోపీ అనుమానం బలపడుతుంది, పురుగులను ముందే తొలగించి ఉంటేనే సుమా.

నాకి నాకి ఎప్పుడూ తడిగా ఉండే వేళ్ళ సందుల్లో సహజంగానే చర్మం మీద బతికే మలసీజియా అనే ఈస్ట్, స్టెఫైలోకోకస్ బ్యాక్టీరియా విపరీతంగా పెరుగుతాయి. ముక్కిపోయిన నూనె వాసన, గోళ్ళ మొదళ్ళలో గోధుమ రంగు జిగురు ఈస్ట్ గుర్తులు. ఇవి తామే దురద పెడతాయి. ఆ దురదకు కుక్క ఇంకా నాకుతుంది, ఇంకా తడుస్తుంది. పారదర్శక టేపు ముక్కను వేళ్ళ మధ్య అద్ది, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. చర్మాన్ని గీకి పురుగుల కోసం చూసే పరీక్ష కూడా అంతే చవక. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఇవి నిత్యం జరిగే పనులు. ఈ రెండు పరీక్షలూ చెయ్యకుండా ఖరీదైన ఎలర్జీ పరీక్షలకు పరుగెత్తడం డబ్బు దండగ.

గజ్జి సంగతి వేరుగా చెప్పాలి. సార్కాప్టిస్ గజ్జి పురుగు చర్మంలో సొరంగాలు తవ్వుతుంది. మోచేతులు, మడమలు, చెవి అంచులు పక్కులు కట్టి ఊడిపోతాయి. వీధికుక్కల నుంచి ఇంటి కుక్కకు, దాని నుంచి ఇంట్లోవాళ్ళకు కూడా తాత్కాలికంగా అంటుకుంటుంది. చెవి అంచును రెండు వేళ్ళతో రుద్దితే కుక్క వెనక కాలు దానంతటదే గోకినట్టు ఆడుతుంది, ఇది వైద్యులు వాడే పాత ఆనవాలు. డెమోడెక్స్ పురుగుతో వచ్చే జబ్బు అంటువ్యాధి కాదు, ఆ పురుగు తల్లి నుంచి పిల్లకు వచ్చి వెంట్రుక మొదళ్ళలో ఉంటుంది. నిరోధక శక్తి తగ్గినప్పుడు పెరిగి పాదాలను ఉబ్బించి చీము పట్టిస్తుంది. మట్టినేలలో తిరిగే కుక్కలకు కొంకిపురుగు లార్వాలు అరికాళ్ళలోకి దూరినా పాదాలు దురద పెడతాయి.

పెరుగన్నం, చికెన్

తిండి ఎలర్జీ గాలి ఎలర్జీ కన్నా తక్కువ, కాని రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి. ఏడాది పొడవునా ఒకే తీరుగా దురద, మలద్వారం చుట్టూ ఎరుపు, అప్పుడప్పుడు విరేచనాలు ఉంటే తిండిని అనుమానించాలి. 2016లో ప్రచురితమైన ఒక సమీక్ష తిండి ఎలర్జీ రుజువైన 297 కుక్కల వివరాలను పోగుచేసింది. వాటిలో 34 శాతానికి గొడ్డుమాంసం, 17 శాతానికి పాల పదార్థాలు, 15 శాతానికి కోడిమాంసం, 13 శాతానికి గోధుమలు పడలేదు. బియ్యం వల్ల ఎలర్జీ అరుదు. అవి ఎక్కువగా పాశ్చాత్య దేశాల కుక్కలు. తెలుగు ఇళ్ళలో కుక్క గిన్నెలో పడేది పెరుగన్నం, చికెన్ ముక్కలు, పాలు, గ్లూకోజ్ బిస్కెట్లు. ఆ జాబితాలోని రెండు, మూడు, నాలుగు స్థానాలన్నీ ఇందులోనే ఉన్నాయి.

తేల్చుకోవడానికి ఒక్కటే దారి. కుక్క ఇంతకుముందు తినని మాంసం ఒకటి, పిండిపదార్థం ఒకటి ఎంచుకుని ఎనిమిది వారాలు అవే పెట్టాలి. ఎన్నడూ మేకమాంసం తినని కుక్కకు మేకమాంసం, చిలగడదుంప పెట్టొచ్చు. లేదా ప్రోటీన్లను చిన్న ముక్కలుగా విరిచిన హైడ్రోలైజ్డ్ ఆహారం పశువైద్యుడి సలహాతో కొనొచ్చు. ఆ ఎనిమిది వారాలూ బిస్కెట్, పాలు, గుడ్డు, రుచి కలిపిన మాత్రలు, పిల్లలు టేబుల్ కింద పడేసే ముక్కలు ఏవీ పనికిరావు. కష్టమంతా ఇక్కడే ఉంది. కుక్క ఆశగా చూస్తుంటే నాయనమ్మ చెయ్యి ఊరుకోదు, ఆ ఒక్క ముద్దతో ఏడు వారాల శ్రమ పోతుంది. దురద తగ్గాక పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి. రెండు వారాల్లోపు దురద తిరగబెడితేనే తిండి ఎలర్జీ అని రూఢి. వెంట్రుకలు, ఉమ్మి పంపితే తిండి ఎలర్జీ చెప్తామనే పరీక్షలు నమ్మదగినవి కావని పరిశోధనలు తేల్చాయి.

మనసులోని కారణాలు

పైవన్నీ వెతికి చూశాక కూడా నాకడం ఆగని కుక్కలు కొన్ని మిగులుతాయి. డాబర్‌మన్, గ్రేట్ డేన్, లాబ్రడార్ వంటి పెద్ద జాతుల్లో ముంగాలి మణికట్టు పైన ఒకేచోట నాకి నాకి బొచ్చంతా పోయి, చర్మం మందంగా, గట్టిగా, మధ్యలో పుండుతో తయారవుతుంది. దీన్ని లిక్ గ్రాన్యులోమా అంటారు. మనుషుల్లో చేతులు మానకుండా కడుక్కునే జబ్బు మీద పనిచేసిన అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ రాపొపోర్ట్ దృష్టిని ఈ కుక్కలే ఆకర్షించాయి. ఆమె బృందం 1992లో ఆ జబ్బుకు మనుషులకిచ్చే క్లోమిప్రమిన్‌ను ఇలాంటి కుక్కలకు ఇచ్చి చూసింది, నాకడం తగ్గింది. 2010లో మరో పరిశోధక బృందం డాబర్‌మన్లు తమ డొక్కను తామే చప్పరించే అలవాటుకు ఏడో క్రోమోజోము మీది సీడీహెచ్2 అనే జన్యువుతో సంబంధం ఉందని కనుగొంది. కుక్క మనసు గురించి మాట్లాడడం కేవలం పెంచేవాళ్ళ ముచ్చట కాదని ఈ పరిశోధనలు తేల్చాయి.

తోక పట్టుకోబోయి గుండ్రంగా తిరగడం మరో రూపం. ఫిన్లాండ్‌లో కాట్రీనా టీరా, హానెస్ లోహీల బృందం బుల్ టెరియర్లు, జర్మన్ షెపర్డ్‌లతో కూడిన 368 కుక్కలను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించింది. తల్లి నుంచి మరీ తొందరగా విడదీసిన కుక్కల్లో ఈ తిరుగుడు ఎక్కువ, విటమిన్లు ఖనిజాలు అదనంగా అందుతున్న వాటిలో తక్కువ అని తేలింది. రెండోది కారణమో కాకతాళీయమో తేలడానికి ఇంకా పని జరగాలి. మొదటిది మాత్రం మన ఊళ్ళలో నెల నిండని పిల్లలను డబ్బాలో పెట్టి అమ్మేవాళ్ళూ, కొనేవాళ్ళూ తప్పక తెలుసుకోవలసింది. కుక్కపిల్ల ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండాలి.

2011లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన షార్లెట్ బర్న్ యూట్యూబ్‌లో జనం పెట్టిన 400 తోక తిరుగుడు వీడియోలను పరిశీలించారు. మూడోవంతు కుక్కల్లో జబ్బు లక్షణాలు కనిపించాయి. అయినా సగానికి పైగా వీడియోల్లో పక్కనున్నవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు, చాలామంది ఇంకా తిరగమని ఉత్సాహపరిచారు. బాధలో ఉన్న జంతువు ఇంటికి వినోదంగా మారడం కన్నా విచారకరమైన సంగతి ఈ విషయంలో మరొకటి లేదు.

రోజంతా గొలుసుకు కట్టి ఉన్న కుక్క, పదో అంతస్తు అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఒంటరిగా గడిపే హస్కీ తమను తాము కొరుక్కోవడంలో ఆశ్చర్యం లేదు. రెండు పూటలా నడక, వాసనలు చూసే తీరిక, అన్నాన్ని గిన్నెలో కాకుండా వెతికి తినేలా దాచిపెట్టడం, నమలడానికి గట్టి రబ్బరు బొమ్మ చాలావరకు పనిచేస్తాయి. తిట్టడం వల్ల ఆందోళన పెరుగుతుంది, దాంతో నాకడమూ పెరుగుతుంది. పాదాలకు కారం, వేపరసం పూసే పద్ధతి పుండు మీద మంట పెట్టడమే.

వెంటనే భయపడాల్సిన సందర్భం

టీకాలు వేయని కుక్క ఉన్నట్టుండి ఒకచోట మాంసం లేచిపోయేలా కొరుక్కుంటూ, ప్రవర్తన మారి, చొంగ కారుస్తూ, గొంతు మారిన అరుపుతో ఉంటే అది రేబిస్ కావచ్చు. వైరస్ నరాల వెంట ప్రయాణిస్తుంది కనుక వారాల క్రితం మరో కుక్క కరిచి మానిపోయిన చోట మళ్ళీ జిలపుట్టి, కుక్క అక్కడే కొరుకుతుంది. అలాంటి కుక్క నోటిదాకా చెయ్యి పోనివ్వకూడదు. దాన్ని ఒక గదిలో వదిలి తలుపు వేసి పశువైద్యుడికి కబురు చెయ్యాలి. కరిచినా, గీరినా, తెగినచోట ఉమ్మి పడినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్ళతో కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఏటేటా వేయించే రేబిస్ టీకా ఈ భయాన్ని దాదాపు తీసేస్తుంది.

ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

వైద్యానికి ఒక వరస ఉంది. ముందు పురుగులు, తర్వాత ఇన్ఫెక్షన్, ఆపైన తిండి, చివర అటోపీ. ఈలోగా దురదను తగ్గించడం తప్పు కాదు, దయ.

2013 తర్వాత పురుగుల వైద్యం చాలా మారింది. అఫోక్సోలనర్, ఫ్లురాలనర్, సారోలనర్ వంటి ఐసోక్సజోలిన్ మాత్రలు మిన్నల్లులు, పిడుదులు రెండిటినీ చంపుతాయి, గజ్జి పురుగుల మీదా బాగా పనిచేస్తాయి. మొదటిది నెలకోసారి, ఫ్లురాలనర్ పన్నెండు వారాలకోసారి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కలకు ఇచ్చే ముందు ఆలోచించాలని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. మన పల్లెల్లో ఇంకా ఎక్కువగా వాడేది ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్. కోలీ, దాని రక్తం కలిసిన జాతుల్లో చాలా కుక్కలకు మెదడును కాపాడే ఒక జన్యువులో లోపం ఉంటుంది, గజ్జికి వాడే మోతాదులో ఈ మందు వాటిని చంపేయగలదు. పశువులకిచ్చే మందును ఉజ్జాయింపు లెక్కతో కుక్కకు వెయ్యడం ఏ జాతికీ మంచిది కాదు.

అటోపీకి పాతకాలం నుంచీ ఉన్న మందు ప్రెడ్నిసలోన్. త్వరగా పనిచేస్తుంది, చవక. కాని దాహం, ఆకలి, మూత్రం పెరుగుతాయి. నెలల తరబడి, ముఖ్యంగా దీర్ఘకాలం పనిచేసే ఇంజక్షన్లుగా వేస్తూపోతే మధుమేహం, కుషింగ్స్ జబ్బు దాకా తెస్తుంది. కారణం వెతకకుండా నెలకో స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకునే పద్ధతి మన దగ్గర మానుకోవలసిన వాటిలో మొదటిది. దురద సంకేతాన్ని మోసే ఇంటర్‌ల్యూకిన్-31 అనే అణువును 2004లో గుర్తించారు. ఆ దారిని అడ్డుకునే ఓక్లాసిటినిబ్ మాత్రకు 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఏడాది నిండిన కుక్కలకే ఇస్తారు, ఒక రోజులోనే దురద తగ్గుతుంది. ఏ పదార్థం పడదో తెలిస్తే దాన్నే కొద్ది కొద్దిగా ఇంజక్షన్‌గా ఇచ్చి శరీరానికి అలవాటు చేసే చికిత్స కూడా ఉంది. ఫలితం చూడడానికి ఏడాది దాకా ఓపిక పట్టాలి.

ఇంట్లో చేయగలిగినవి చిన్నవే గాని చేసినవాళ్ళకు తేడా తెలుస్తుంది. నడక నుంచి రాగానే పాదాలను మామూలు నీళ్ళలో ముంచి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. రోడ్ల పక్క వయ్యారిభామ పూసే రోజుల్లో ఇది మరీ అవసరం. ఆ మొక్క మనుషులకూ పశువులకూ చర్మం పుండ్లు చేస్తుంది. వారానికోసారి క్లోరెక్సిడిన్ షాంపూతో స్నానం చేయించి, నురుగును పది నిమిషాలు ఉంచి కడగాలి. పుండు మానేదాకా మెడకు కోన్ తొడగాలి. కుక్క చిరాకుపడినా రెండు రోజుల్లో అలవాటు పడుతుంది.

కిరోసిన్, పాత ఇంజనాయిల్, ఫినాయిల్, చిక్కటి డెట్టాల్ గజ్జికి మందులని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. ఇవి చర్మాన్ని కాలుస్తాయి, నాకిన కుక్క కడుపులోకి పోయి విషమవుతాయి. మెడికల్ షాపులో దొరికే దురద ఆయింట్‌మెంట్లూ అంతే. పూసిన మందును కుక్క నిమిషంలో నాకేస్తుంది. సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రియాల్ క్రీము కొద్దిగా మింగినా కుక్క మూత్రపిండాలు చెడతాయి.

పశువైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు కుక్కతోపాటు కొన్ని వివరాలు తీసుకెళ్తే మేలు. కుక్క ఇంట్లో కొరుక్కుంటున్నప్పుడు తీసిన వీడియో, రోజూ ఏం పెడుతున్నారో జాబితా, పురుగుల మందు చివరిసారి వేసిన తేదీ, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, దురదను సున్నా నుంచి పది దాకా లెక్కగట్టి వారం వారం రాసుకున్న కాగితం. ఆసుపత్రి బల్ల మీద భయపడి కదలకుండా నిలబడ్డ కుక్క ఆ పది నిమిషాల్లో ఒక్కసారి కూడా పాదం నాకకపోవచ్చు.